అల్లుడు కుడివైపు ఎందుకు దూకాడు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా ఆయన రచ్చ గెలిచి ఇంట ఓడాడు. అదెలాగో చెప్పాలంటే ముందు మా ఆయన జుట్టు సంగతి చెప్పాలి.

మా నాన్నకు సెలూన్ ఉంది. మూడు కుర్చీలు, గోడ పొడవునా అద్దాలు, మూలన ఎప్పుడూ మోగుతూ ఉండే టీవీ. మా పేటలో సగం మంది మగవాళ్ల తలలు ఆయన చేతి కిందే పెరిగాయి, తరిగాయి. అలాంటివాడి సొంత అల్లుడు మాత్రం వంటింటి కత్తెరతో నేను కత్తిరించిన జుట్టుతో తిరిగేవాడు. నేను పళ్ల డాక్టరు దగ్గర పని చేస్తాను. ఫోనెత్తడం, నొప్పితో వచ్చినవాళ్లను వరసలో కూర్చోబెట్టడం, లోపలి నుంచి కేకలు వినిపిస్తే బయట రేడియో గొంతు పెంచడం నా ఉద్యోగం. జుట్టు కత్తిరించడం అందులో లేదు. చిన్నప్పుడు నాన్న నేర్పుతానంటే పారిపోయాను. ఆ పాపం మా ఆయన నెత్తిన పడింది.

మా ఆయన ప్లంబరు. సాయంత్రాలు, సెలవు రోజులు మా దేశపు ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపరు. దేశపు జట్టు అనగానే గొప్పగా ఊహించుకోకండి. మా దేశం ఎంత చిన్నదంటే, ఆటగాళ్లను ఎంపిక చేయడమంటే ఆ రోజు ఎవరికి పని లేదో కనుక్కోవడమే. నేను పని చేసే పళ్ల డాక్టరే వెనక వరసలో డిఫెండరు. ముందు పరిగెత్తేవాడు పోస్ట్‌మాన్. కోచ్ డ్రైవింగ్ స్కూలు మాస్టారు. ఈ జట్టు పుట్టినప్పటి నుంచి ఒక్క మ్యాచ్ గెలవలేదు, డ్రా కూడా చేయలేదు.

ఓడిపోవడం మాకు అలవాటే, దానికెవరూ ఏడవరు. కానీ ఒకసారి పరాయి దేశంలో పదకొండు గోల్స్ పడ్డాయి. అది టీవీలో వచ్చింది, మా నాన్న సెలూన్లో టీవీ పెట్టి ఉంది, మూడు కుర్చీలూ నిండి ఉన్నాయి. ఐదో గోల్ దాకా జనం మర్యాదకు ఊరుకున్నారు. ఎనిమిదో గోల్‌కి ఎవరో, "మీ అల్లుడు పైపులకైనా మూత సరిగ్గా పెడతాడా అండీ?" అన్నారు. పదకొండో గోల్‌కి మా ఆయనకు 'జల్లెడ' అని పేరు పెట్టారు. ప్లంబరుకు జల్లెడ అన్న పేరు ఎంత శోభ! తిరిగొచ్చాక మా ఆయన క్షవరానికి వెళితే మా నాన్న కుర్చీ మీద తువ్వాలు పరిచేసి, "ఈ తల ఇక్కడ కుదరదు," అన్నాడట.

అప్పటి నుంచి మామకూ అల్లుడికీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. నాన్న ఆయనతో నేరుగా మాట్లాడేవాడు కాదు. ఎదురుగా నిలబడ్డా, "మీ ఆయనకు చెప్పు," అని నాతోనే అనేవాడు. ఆదివారం భోజనానికి నేనొక్కదాన్నే పుట్టింటికి వెళ్లి, మా ఆయన వాటా డబ్బాలో తెచ్చేదాన్ని. అమ్మ రెండు ముద్దలు ఎక్కువే పెట్టేది. మా ఆయన ఏమీ అనడు, ఆయన నోట్లో నాలుక లేని మనిషి. డబ్బా తుడిచినట్టు తినేసి, "అత్తయ్య చేతి వంట వేడిగా ఉన్నప్పుడు ఇంకా బావుంటుంది కదా," అనేవాడు. నాకు కావలసింది ఒక్కటే. ఈ మనిషి మళ్లీ ఆ కుర్చీలో కూర్చోవాలి. ఆ తర్వాత దేశం ఎన్ని గోల్స్ తింటే నాకేం?

ఇప్పుడు రారాజు సంగతి. అది మా నాన్న పెట్టుకున్న పేరు. పొరుగున ఉన్న పెద్ద దేశపు జట్టులో ముందాడే మహానుభావుడతను. సెలూన్లో అద్దాల పైన మా తాత ఫోటో ఒకటి, రారాజు ఫోటోలు తొమ్మిది. క్షవరానికి వచ్చినవాడు మెడ తిప్పడానికి వీల్లేదు కాబట్టి రారాజు పురాణమంతా వినక తప్పదు. అందులో పెనాల్టీ అధ్యాయం మాకందరికీ కంఠస్థం. "ముందు వంగి కుడికాలి సాక్సు పైకి లాక్కుంటాడు. ఆపైన గోల్‌కీపరుకి కుడివైపున ఒక్క చూపు చూస్తాడు. చూపు కుడికి, బంతి మాత్రం గోల్‌కీపరుకి ఎడమకే. ఎప్పుడూ ఎడమకే! తెలిసినా ఒక్కడూ ఆపలేడు. అదీ రాజసం!" మా పెళ్లి చూపుల్లో కూడా నాన్న ఇది చెప్పాడు. మా ఆయన శ్రద్ధగా విన్నాడు. బహుశా అందుకే నాన్న పెళ్లికి ఒప్పుకున్నాడు.

ఆ పెద్ద దేశంతో మాకు మ్యాచ్ పడింది. అదీ మా ఊళ్లోనే. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే.

మా జట్టుకు క్లబ్బులూ గదులూ లేవు. మీటింగులన్నీ మా క్లినిక్‌లోనే, ఆఖరి పేషెంటు దవడ పట్టుకుని వెళ్లిపోయాక. ఆ సాయంత్రం కూడా అందరూ వచ్చి గోడ వారన కుర్చీల్లో కూర్చున్నారు. ఆ కుర్చీల మహిమో ఏమో, అందరి మొహాల్లో పన్ను పీకించుకోబోయే కళే. డ్రైవింగ్ మాస్టారు నిలబడి ప్రపంచ చరిత్ర విప్పాడు.

"వినండ్రా. పంతొమ్మిది వందల యాభైలో అమెరికా ఇంగ్లండును ఒకటి-సున్నాతో ఓడించింది. ఆ అమెరికా గోల్‌కీపరు ఎవరనుకున్నారు? శవాల బండి నడిపేవాడు!"

అందరూ మా ఆయన వంక చూశారు. "అయితే ప్లంబరు నయమే," అన్నాడు పోస్ట్‌మాన్.

"అరవై ఆరులో ఉత్తర కొరియా ఇటలీని ఇంటికి పంపింది. ఇటలీవాళ్లు విమానం దిగితే సొంత జనమే టమాటాలతో కొట్టారు. తొంభై నాటికి అర్జెంటీనా ప్రపంచ విజేత. కామెరూన్ తొమ్మిది మందితో మిగిలి కూడా వాళ్లను ఓడించింది. రెండువేల రెండులో సెనెగల్ ఫ్రాన్సును ఓడించింది. వాళ్లందరికీ రెండేసి కాళ్లే ఉన్నాయి. మీకెన్ని ఉన్నాయి?"

"రెండే గానీ ఒకదానికి బెణికింది సార్," అన్నాడు పోస్ట్‌మాన్.

"అద్దం చూడు, సిగ్నలివ్వు, అప్పుడు తిప్పు. బండైనా బంతైనా ఇంతే. మనం గెలవగలం!" అని మాస్టారు బల్ల గుద్దాడు. గుద్దిన చేత్తోనే టోపీ తీసి, అందులో చీటీలు వేసి అందరి ముందూ తిప్పాడు. అవి జెర్సీ చీటీలు.

ఇది మా జట్టు ఆచారం. మ్యాచ్ అయ్యాక ఇరుపక్షాలూ జెర్సీలు మార్చుకుంటాయి కదా. మావాళ్లు ఎలాగూ గెలుపు తేరు, జెర్సీలైనా తేవాలి. ఎవరు ఎవరి జెర్సీ అడగాలో కొట్టుకోకుండా ముందే చీటీలు తీసుకుంటారు. పోస్ట్‌మాన్ ఇంట్లో నాలుగు దేశాల జెర్సీలున్నాయి, ఒకటి తొడుక్కునే ఉత్తరాలు పంచుతాడు. మా డాక్టరు తన వాటా జెర్సీని పళ్లు పీకే కుర్చీకి ఎదురుగా గోడకు కట్టించాడు. ప్రాణం పోతున్నట్టుండే పేషెంట్లకు కాస్త కాలక్షేపం.

మా ఆయన చెయ్యి పెట్టి చీటీ తీసి విప్పాడు. రారాజు!

గదిలో మూలుగులు. డాక్టరు తన చీటీతో మార్చుకుంటావా, జీవితాంతం నీ పళ్లు ఉచితం అన్నాడు. మా ఆయన నా వంక చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. నాకు రొట్టె విరిగి నేతిలో పడ్డట్టుంది. అక్కణ్నుంచి పరుగున సెలూన్‌కి వెళ్లాను.

నాన్న ఒకాయన గడ్డానికి సబ్బు నురగ రాస్తున్నాడు. విషయం చెప్పగానే కుంచె గడ్డం దాటి ముక్కు మీదికి పోయింది.

"రారాజు చొక్కానా? ఒంటి మీదదా? చెమటతోనా?"

"చెమటతోనే నాన్నా."

కుంచె సబ్బు గిన్నెలో పెట్టేశాడు. "మీ ఆయనకు చెప్పు," అన్నాడు చివరికి. "ఆ చొక్కా తెస్తే... ఈ మధ్య కుర్చీ ఖాళీ."

మర్నాడే గాజు ఫ్రేము వచ్చేసింది. మా తాత ఫోటోను పక్కకు జరిపి దాన్ని నట్టనడుమ తగిలించాడు. లోపల ఏమీ లేదు, వెనక గోడ సున్నం కనిపిస్తోంది. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత ఇలాంటివాళ్లను చూసే పుట్టి ఉంటుంది. పేటలో ప్రతి తలకూ చెప్పాడు. చెప్పాక ఒక భయం పట్టుకుంది. నన్ను పిలిపించాడు.

"గోల్ కొట్టని రోజు రారాజు మనిషి కాడు. ఎవరితోనూ మాట్లాడడు, చొక్కా ఎవరికీ ఇవ్వడు. మీ ఆయనకు చెప్పు. ఒక్కటి వదలమను."

"నాన్నా, ఆయన వదలకపోవడం నువ్వెప్పుడు చూశావు?"

"అదీ నిజమేలే," అన్నాడు నాన్న, చాలా తేలిక పడిపోయి.

మ్యాచ్ రోజు నాన్నా నేనూ స్టేడియంలో పక్కపక్కనే కూర్చున్నాం. నాన్న ఏం వేసుకొచ్చాడో తెలుసా? పెద్ద దేశపు జెర్సీ. బజార్లో కొన్న నకలు, వీపు మీద రారాజు నంబరు. మా దేశం జనమంతా కూర్చున్న చోట, అల్లుడు గోల్ కాస్తుంటే, ఈయన అవతలివాళ్ల రంగు తొడుక్కుని ఈలలు! నేలలోకి దిగిపోతే బావుండుననిపించింది. కానీ ఆట మొదలయ్యే ముందు మా ఆయన రారాజు దగ్గరికి వెళ్లడం, తన జెర్సీ పట్టుకుని సైగ చేయడం, రారాజు నవ్వి మా ఆయన బుగ్గ మీద తట్టి బొటనవేలు పైకెత్తడం చూశాక నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. ఏళ్ల తర్వాత మా నాన్న మా ఆయన వంక ప్రేమగా చూశాడు, నేను కళ్లారా చూశాను.

తర్వాత జరిగినవన్నీ మావాళ్ల ప్రయోజకత్వం అనుకుంటే పొరపాటు. పోస్ట్‌మాన్ పక్క నుంచి బంతిని మధ్యలో ఉన్నవాడికి అందిద్దామని తన్నాడు. అది వాడి నెత్తి మీంచి, అవతలి గోల్‌కీపరు నెత్తి మీంచి పోయి వలలో పడింది. వేరే ఇంటికి రాసిన ఉత్తరం ఎదురింటికి వేయడం అతనికి అలవాటే, ఈసారి మంచి ఇల్లు తగిలింది. మొత్తం స్టేడియం ఒక్క క్షణం అర్థం కాక ఊరుకుని, ఆపైన లేచి గంతులేసింది. నేనూ గంతేశాను. నాన్న కూర్చునే ఉన్నాడు.

"పోనీలే," అన్నాడు. "ఒకటేగా. ఇప్పుడు చూడు, పది కొడతాడు."

కొట్టలేకపోయాడు. రారాజు తన్నిన బంతులు మా ఆయన మోకాలికి తగిలాయి, భుజానికి తగిలాయి, ఒకటి మొహానికే తగిలింది. రెండు గోల్ స్తంభానికి తగిలి వెనక్కి వచ్చాయి. మా డాక్టరు పళ్లు పీకేటప్పటి పట్టుదలే బంతి మీద చూపించాడు. రారాజు మొహం ఎర్రబడింది. నాన్న మొహం పాలిపోయింది. "ఒక్కటి వదలమని చెప్పావా లేదా?" అని నన్ను గిల్లాడు కూడా.

ఇక ముగుస్తుందనగా డాక్టరు రారాజు కాలికి అడ్డం పడ్డాడు. రిఫరీ ఈల వేశాడు. పెనాల్టీ.

నాన్న లేచి నిలబడ్డాడు. రారాజు బంతి పెట్టాడు. వంగి కుడికాలి సాక్సు పైకి లాక్కున్నాడు. "చూశావా!" అన్నాడు నాన్న. రారాజు మా ఆయనకు కుడివైపున ఒక్క చూపు చూశాడు. "చూశావా, చూశావా! ఇక ఎడమకే!" అని నాన్న రెండు చేతులూ జోడించాడు.

రారాజు తన్నాడు. మా ఆయన కుడివైపు దూకాడు. బంతి కూడా కుడివైపే వచ్చి, ఆయన చంకలో దూరి, అక్కడే ఉండిపోయింది.

గెలిచాం. ఎప్పుడూ గెలవని దేశం గెలిస్తే ఎలా ఉంటుందో నాకు చెప్పడం రాదు. ముక్కూ మొహం తెలియని ఒకావిడ నన్ను ముద్దు పెట్టుకుంది. డ్రైవింగ్ మాస్టారు మైదానం మధ్యలో బోర్లా పడి గడ్డి పీకుతూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, గర్వంతోనే. కన్నీళ్లు తుడుచుకుని పక్కకు తిరిగితే నాన్న కుర్చీ ఖాళీ.

ఇంకో సంగతి కూడా అప్పుడే చూశాను. అందరూ మా ఆయన మీద పడబోతుంటే ఆయన తప్పించుకుని రారాజు వెనక పరిగెత్తుతున్నాడు. పట్టుకుని, తన జెర్సీ చూపించి, చేతులు జోడించి ఏదో అడుగుతున్నాడు. రారాజు తన భాషలో ఏదో అన్నాడు. ఆ భాష నాకు రాదు కానీ అది ఆశీర్వచనం కాదని ఇంత దూరం నుంచీ తెలిసింది. చెయ్యి విదిలించుకుని లోపలికి పోయాడు. మర్నాడు పేపర్లన్నిటిలో ఆ ఫోటోనే. 'ఓడినవాణ్ని ఓదార్చిన విజేత'. ఓదార్పూ లేదు, చట్టుబండలూ లేదు. చొక్కా అడుగుతున్నాడు!

పొద్దున్నే మా వీధి నిండా జనం. "జల్లెడ! జల్లెడ!" అని అరుస్తున్నారు, ఈసారి ముద్దుగా. విజేత కోసం ఇల్లంతా వెతికితే స్నానాల గదిలో, కుళాయి తొట్టి కింద, రెంచి పట్టుకుని పడుకుని ఉన్నాడు.

"ఏమండీ, అది బాగానే ఉంది కదా. ఏం బాగు చేస్తున్నారు?"

"ఏమీ లేదు. ఇక్కడ ఎవరూ రారు కదా అని."

నేనూ నేల మీద కూర్చున్నాను. ఆయన పైపు వంక చూస్తూ చెప్పాడు.

"నేను ఆపలేదే. వదిలేద్దామనుకున్నాను."

"ఏమిటి?"

"ఒకటి-ఒకటి అయితే డ్రా. మనకు డ్రా కూడా ఎప్పుడూ రాలేదు కదా, ఊరంతా సంబరపడుతుంది. రారాజు గోల్ కొట్టినట్టూ ఉంటుంది, చొక్కా ఇస్తాడు. మామయ్య కుర్చీలో కూర్చోనిస్తాడు. అతను ఎప్పుడూ ఎడమకే కొడతాడని మామయ్య చెప్పాడు కదా. అందుకని కుడికి దూకాను. వాడు కుడికే కొట్టాడు. చేతులు కూడా ముడుచుకున్నాను, ఒట్టు. బంతే వచ్చి చంకలో దూరింది."

నాకు నవ్వు రాలేదు. కోపం వచ్చింది, ఆ వెంటనే భయం వేసింది. బయట దేశం దేశమంతా ఈయన పేరు అరుస్తోంది. ఈయనేమో వదిలేద్దామనుకున్నాడట, నాకు ఆదివారం డబ్బా మోసే బాధ తప్పుతుందని! కోప్పడదామని నోరు తెరిచి, నిజానికి ఆ కుర్చీ కోరిక ముందు నాదేనని గుర్తొచ్చి మూసుకున్నాను.

"ఈ మాట గోడకు కూడా చెప్పకండి," అన్నాను. "ప్రాణం పోయినా సరే."

తల ఊపబోయి తొట్టికి కొట్టుకున్నాడు.

సెలూన్ షట్టర్ దించి ఉంది. పేటంతా పండగ చేసుకుంటుంటే మా నాన్న దుకాణం ఒక్కటే చీకటి. దొడ్డి తలుపు నుంచి లోపలికి వెళ్లాం. నాన్న ఆ నకలు జెర్సీలోనే, మధ్య కుర్చీలో, ఖాళీ ఫ్రేముకు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని అద్దంలో చూశాడు, వెనక్కి తిరగలేదు.

"మీ ఆయనకు చెప్పు," అన్నాడు. "నేను చొక్కా కోసం బాధపడటం లేదు. చొక్కా పోతే పోయింది. కానీ నేను లక్షసార్లు చెప్పాను కదా, అతను ఎడమకే కొడతాడని. నీ పెళ్లి చూపుల్లో చెప్పాను. పెళ్లిలో చెప్పాను. అలాంటిది కుడికి దూకుతాడా? నా మాట మీద గడ్డిపోచంత గౌరవం ఉంటే ఎడమకి దూకేవాడు. అతను దూకినవైపు కాదు, నా మాట పోయినవైపు చూసి ఏడుస్తున్నాను. ఈ ఇంట్లో నా మాట ఎవరు విన్నారు? మీ అమ్మ వినదు. నువ్వు కత్తెర పట్టమంటే పారిపోయావు. కనీసం అల్లుడైనా వింటాడనుకుంటే..."

మా ఆయన మొహం చూస్తే నిజం కక్కేసేలా ఉన్నాడు. కొంప మునిగిందనుకుని ఆయన కాలు తొక్కాను. ఇంకాస్త గట్టిగా తొక్కాను.

"విన్నాను మామయ్యా," అన్నాడు. "విన్నాను కాబట్టే కుడికి దూకాను."

మొత్తం చెప్పేశాడు. డ్రా అనుకున్నది, చొక్కా, కుర్చీ, చంక. నా కాలి కింద ఆయన కాలు నలుగుతున్నా ఆపలేదు. నాన్నకు నోరు ఎంత పెద్దదో నాకు తెలుసు. ఈ సంగతి ఆ నోట్లో పడితే సాయంత్రానికి ఊరంతా, రేపటికి పేపరంతా. మళ్లీ జల్లెడ అన్న పేరే మిగులుతుంది, ఆ పైన ద్రోహి అన్న తోక కూడా.

నాన్న కుర్చీ మెల్లగా తిప్పాడు. ఏళ్ల తర్వాత నేరుగా మా ఆయన కళ్లలోకి చూశాడు.

"అంటే నువ్వు... అన్ని వేలమంది ముందు... నా మాట అంతగా నమ్మావా?"

"మీరెప్పుడూ ఎడమకే అన్నారు కదా మామయ్యా."

నాన్న లేచాడు. గోడ మీది తొమ్మిది ఫోటోల వంకా చూశాడు. "ఇరవై ఏళ్లు," అన్నాడు ఫోటోలతో. "ఇరవై ఏళ్లు ఎడమకే కొట్టి, నా అల్లుడి ముందు నన్ను అబద్ధాలకోరుని చేస్తావా?" ఒంటి మీది జెర్సీ విప్పేశాడు. బనీనుతో నిలబడి మధ్య కుర్చీ దులిపాడు.

"రా. కూర్చో. ఏమిటా తల? ఎలకలు కొరికినట్టుంది."

"నేను కత్తిరించాను నాన్నా," అన్నాను.

"తెలుస్తోంది," అన్నాడు.

మా ఆయన కూర్చున్నాడు. ఎంతో ఇరుకు చోట ఒదుగుతున్నవాడిలా, అంచు మీద. నాన్న ఆయన భుజాలు పట్టి వెనక్కి వాల్చి, మెడ చుట్టూ కట్టడానికి తువ్వాలు కోసం చూసి, చేతిలో ఉన్న జెర్సీనే చుట్టేశాడు. కత్తెర ఆడించాడు. నేను కత్తిరించిన వంకర కుచ్చులన్నీ రారాజు నంబరు మీద రాలుతున్నాయి. నాకు దుఃఖం ఆగలేదు. ఆ మూలకు తిరిగి, టీవీ తుడుస్తున్నట్టు నటిస్తూ ఏడ్చేశాను.

క్షవరం అయి గడ్డానికి నురగ రాసేసరికి జనం షట్టర్ బాదడం మొదలుపెట్టారు. నాన్న నాకు సైగ చేశాడు, ఎత్తాను. పేటంతా లోపలికి కుమ్ముకుంది. అందరికంటే ముందు, పదకొండో గోల్ రోజు 'జల్లెడ' అని పేరు పెట్టిన పెద్దమనిషి.

"ఏం మామగారూ, మీ రారాజు ఎడమకే కొడతాడన్నారు! మరి మీ అల్లుడు కుడికి ఎలా దూకాడు?"

నాన్న కత్తిని అరచేతి మీద అటూ ఇటూ రాసి, మా ఆయన గడ్డం పైకెత్తి, గొంతు మీద ఆనించాడు.

"నేనే చెప్పాను," అన్నాడు. "ఎడమ, ఎడమ అని ఇన్నేళ్లు ఊరంతా ఎందుకు ప్రచారం చేశాననుకున్నావు? అది ఆ రారాజు చెవిన పడాలనే. ఈసారి మాత్రం కుడికి దూకరా అబ్బాయ్ అని ముందు రోజే చెవిలో చెప్పాను. అడుగు కావాలంటే. ఏం అల్లుడూ?"

గొంతు మీద కత్తి ఉన్నవాడు ఏం మాట్లాడతాడు? మా ఆయన అద్దంలో నా వంక చూసి, కళ్లు ఒక్కసారి మూసి తెరిచాడు. సెలూన్ అంతా చప్పట్లు. పేరు పెట్టిన పెద్దమనిషి నాన్న చెయ్యి కళ్లకద్దుకున్నాడు. అదిగో, అప్పుడొచ్చింది నాకు నవ్వు. తన్నుకుని వచ్చింది.

గోల సద్దుమణిగి జనం తగ్గాక, నాన్న తడిబట్టతో మా ఆయన చెవి వెనక నురగ తుడుస్తూ వంగాడు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినపడింది.

"మళ్లీ ఎప్పుడైనా పెనాల్టీ వస్తే నా మాట వినకు, అల్లుడూ."

"అలాగే మామయ్యా," అన్నాడు మా ఆయన. "మీరెలా చెబితే అలాగే."